చెల్లో, పియానో కలిసి వాయిస్తే చెల్లో మునిగిపోతోంది: లోపం ఎక్కడ?

మూడోవరుస:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, దాని వెనక కథ కొంచెం పొడవు. ఓపిక పట్టి చదవండి.

మా అమ్మాయికి 17 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా చెల్లో (కూర్చుని కమానుతో వాయించే, వయొలిన్ జాతి పెద్ద వాయిద్యం) నేర్చుకుంటోంది. పోయిన శనివారం తన మొట్టమొదటి పూర్తి కచేరీ జరిగింది. పియానో వాయించింది తనకంటే ఏడాది పెద్దవాడైన ఒక అబ్బాయి. ఇద్దరి గురువులూ వేరు, కానీ రెండేళ్ళుగా కలిసి సాధన చేస్తున్నారు. ముందు బీథోవెన్ ఎ మేజర్ సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పెద్ద కృతి), ఓపస్ 69 (ఓపస్ అంటే రచన సంఖ్య). విరామం తరవాత షూమన్ రాసిన మూడు చిన్న కృతులు, ఓపస్ 73. చివర బ్రామ్స్ ఇ మైనర్ సొనాటా, ఓపస్ 38. శ్రోతలు ఇంకొకటి వాయించమంటే సాన్‌సాన్ 'హంస'. శ్రోతలంటే ఎక్కువ ఊహించుకోకండి. వచ్చినవాళ్ళు 64 మంది, అందులో సగం తోటి విద్యార్థులే. కనిపించినవన్నీ లెక్కపెట్టడం నాకు ఉద్యోగం వల్ల అంటుకున్న జబ్బు.

నాకు స్వరపత్రం చదవడం రాదు. తొమ్మిదేళ్ళు పక్కగదిలోంచి విన్న చెవులు తప్ప ఇంకో అర్హత లేదు. ఆ చెవులకు తోచింది చెబుతాను.

మొదటి సగం మూడో వరుసలో కూర్చున్నాను. బీథోవెన్ బాగా కుదిరింది. ఆ సొనాటాను చెల్లో ఒంటరిగా ఎత్తుకుంటుంది, పియానో కాసేపు నోరు మెదపదు. ఆ కాసేపూ హాలంతా తన చేతిలో ఉన్నట్టే అనిపించింది, నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని గర్వపడుతున్నాను. విరామంలో ఒక పెద్దాయన నేనెవరో తెలియక, "వాయిద్యం బాగానే ఉందమ్మా, కానీ వెనక మాకు చెల్లో అందడం లేదు" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఆయన తప్పని తేల్చడానికే రెండో సగం వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాను.

ఆయన తప్పు కాదు. షూమన్‌లో అక్కడక్కడా వినిపించింది, అక్కడక్కడా లేదు. బ్రామ్స్ మొదలయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి. మూడో భాగంలో కళ్ళు మూసుకుంటే అది ఒంటరి పియానో కచేరీ. తెరిస్తే మా అమ్మాయి మోచేయి కుట్టుమిషన్‌లా ఆడుతోంది. ఆ కష్టమంతా ఎక్కడికి పోతోందో తెలియదు.

వెంటనే 'హంస' వాయించారు. అదే హాలు, అదే చివరి వరుస, అదే పియానో, అదే అబ్బాయి. ఒక్కొక్క స్వరమూ నడుచుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నట్టు వినిపించింది. నాకు అంతుపట్టనిది ఇదే. పియానో పెద్దది కాబట్టి చెల్లో మునిగింది అనుకుంటే, మరి 'హంస' ఎందుకు మునగలేదు?

ఇంకొకటి. బ్రామ్స్ మొదట్లో చెల్లో అడుగు తీగ పియానోతో పూర్తిగా కలవనట్టు అనిపించింది. వాయించే ముందు పియానో ఇచ్చిన స్వరానికి తను ఎంతో జాగ్రత్తగా శ్రుతి చేసుకోవడం నేను చూశాను. మరి ఆ తేడా ఎక్కడిది?

ఆరు వారాల్లో ఇదే కార్యక్రమం ఇంకో హాల్లో ఉంది. మా అమ్మాయిని అడిగితే "అంతా బాగానే జరిగిందమ్మా" అని గది తలుపు వేసుకుంది. ఆ అబ్బాయిని అడగడానికి నాకు మొహమాటం. "కొంచెం మెల్లగా వాయించు నాయనా" అంటే నింద వేసినట్టే కదా. నా అనుమానాలు మూడు: పియానో మూత పూర్తిగా తెరిచి ఉంచడం, అబ్బాయి చేయి బరువు, మా అమ్మాయి చెల్లో నాసిరకం కావడం. మూడోదే అయితే ఖర్చు పెద్దది, కాబట్టి ముందు మిగతా రెండింటి మీదే నాకు ఆశ.

సులభమార్గం:

దీనికింత ఆలోచన ఎందుకండీ? పియానో మూతను చిన్న కర్ర మీదికి దించమనండి. పిల్లల కచేరీలన్నిటిలో మేం చేసేది అదే. ఇంకా ఎక్కువనిపిస్తే పూర్తిగా మూసేయండి.

ఎడమచేయి:

మూత దించమనే సలహా నేను పియానో ముందు కూర్చున్న నాటి నుంచీ వింటున్నాను. 22 ఏళ్ళుగా నా పని చెల్లో, వయొలిన్ విద్యార్థుల పక్కన పియానో వాయించడం. పరీక్షలు, పోటీలు, తొలి కచేరీలు. సులభమార్గం గారి మీద కోపం లేదు, కానీ మూత దించితే మొదట పోయేది పియానో మెరుపు. ఎగువ స్వరాల స్పష్టత పోతుంది. మంద్రం మాత్రం కింది నుంచీ పక్కల నుంచీ ఎప్పటిలాగే వస్తుంది. మీ అమ్మాయిని ముంచుతున్నది ఆ మంద్రమే. పైగా మూత దించగానే వాయించేవాడికి తన చేతి స్పష్టత తనకే వినిపించదు. అప్పుడేం చేస్తాడు? ఇంకొంచెం గట్టిగా కొడతాడు.

మూడోవరుస గారూ, జవాబు మీరే రాసేశారు, గమనించలేదు. 'హంస'లో చెల్లో పాట ఎక్కువగా పై తీగల మీద నడుస్తుంది. పియానో నీటి మీది అలల్లా ఒక్కొక్క స్వరం చిలకరిస్తుంది తప్ప గుత్తులుగా మోగదు. చెల్లో చుట్టూ బోలెడంత ఖాళీ. బ్రామ్స్ ఓపస్ 38 ఎత్తుగడ చూడండి. చెల్లో అన్నిటికంటే అడుగు తీగ మీద, గొంతు దించుకుని మొదలుపెడుతుంది. పియానో ఎడమచేతి కాపురం కూడా సరిగ్గా ఆ ఇంట్లోనే. ఒకే ఒరలో రెండు కత్తులు. అందులో ఒకటి సుమారు 20 టన్నుల బిగువుతో తీగలు కట్టిన ఇనుప చట్రం, రెండోది ఒక పిల్ల చేతిలోని గుర్రపు వెంట్రుకల కమాను. ఎవరు గెలుస్తారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

ఈ ఇబ్బంది పిల్లలది కాదు, రచనలోనే ఉంది. బ్రామ్స్ ఈ సొనాటాను 1862లో, 29 ఏళ్ళ వయసులో మొదలుపెట్టి 1865లో ముగించాడు. అంకితం పుచ్చుకున్న గాన్స్‌బాఖర్ అనే మిత్రుడు సరదాగా చెల్లో వాయించేవాడు. ఇద్దరూ కలిసి దీన్ని వాయిస్తుండగా, "నా చెల్లో నాకే వినిపించడం లేదు" అని మిత్రుడు మొత్తుకుంటే, "నీ అదృష్టం" అని బ్రామ్స్ అరిచాడని ఒక కథ చెప్పుకుంటారు. బ్రామ్స్‌కు చెల్లింది. మనం అంటే స్నేహం చెడుతుంది.

అందుకని ఆ అబ్బాయిని మెల్లగా వాయించమనండి అంటానేమో అనుకుంటారు. దయచేసి ఆ మాట మాత్రం అనకండి. కుర్రవాళ్ళకు ఆ మాట చెబితే రెండు చేతులూ ఒకేసారి తగ్గించేస్తారు. కుడిచేతి పాట చచ్చిపోతుంది, లయకు వెన్నెముక పోతుంది, చెల్లోకు ఆనుకోవడానికి గోడ ఉండదు. ఈ సొనాటాలలో పియానో పక్కవాద్యం కాదు. బీథోవెన్ 1796లో తొలి రెండు చెల్లో సొనాటాలు రాసినప్పుడు, అచ్చయిన ముఖపత్రం మీద ముందు పేరు పియానోది, తరవాతే చెల్లోది. బ్రామ్స్ కూడా పియానోకు, చెల్లోకు అనే వరసలోనే రాశాడు. మీరు 'మా అమ్మాయి కచేరీ' అంటున్నారు చూడండి, అది అమ్మగా సహజమే. కానీ ఆ రోజు ఆ అబ్బాయి మీ అమ్మాయికంటే చాలా ఎక్కువ స్వరాలు వాయించాడు. అతని వాళ్ళమ్మ కూడా ఎక్కడో ఒక వరుసలో కూర్చునే ఉంటుంది.

అతనికి చెప్పాల్సినవి రెండే. ఎడమచేతి చిటికెనవేలు ఎంత బరువుగా పడుతోందో చూసుకోమనండి. మంద్రస్వరం మొదలు తెలిస్తే చాలు, అది నిలబడి ఊరేగక్కర్లేదు. రెండోది పెడల్, అంటే తొక్కి ఉంచితే స్వరాలు ఆగకుండా మోగేలా చేసే కాలి మీట. కుర్రవాళ్ళకు పెడల్ అంటే చలికాలంలో దుప్పటి. కాలు తీయడానికి మనసొప్పదు. ఆ పెడల్ కింద పోగుపడిన మంద్రమే చివరి వరుసకు వచ్చేసరికి పొగలా చెల్లోను కమ్మేస్తుంది. మూడో వరుసలో మీకు తెలియకపోవడానికి కారణం, అక్కడ చెల్లో నేరుగా మీ ముఖం మీదికే వస్తుంది. వెనక్కి వెళ్ళేకొద్దీ హాలు ప్రతిధ్వని కలుస్తుంది, ఆ కలగలుపులో మంద్రానిదే పైచేయి.

పరీక్ష ఒకటి చెబుతాను. సాధనలో మీరు వీలైనంత దూరంగా కూర్చోండి. బ్రామ్స్ మూడో భాగాన్ని మొదట అసలు పెడల్ లేకుండా వాయించమనండి. వినడానికి ఎండిపోయినట్టు ఉంటుంది, పట్టించుకోకండి. తరవాత చెల్లో, పియానో ఎడమచేయి మాత్రమే. ఆ రెండూ కలిసి మోగినప్పుడు మీకు రెండు గొంతులు వేరువేరుగా వినిపించాలి. వినిపించేదాకా కుడిచేతిని రానివ్వకండి.

ఇక మీ అమ్మాయికీ ఒక మాట. ఆ మూడో భాగం ఫ్యూగ్ పద్ధతిలో నడుస్తుంది. ఎడమచేయి, కుడిచేయి, చెల్లో, మూడు గొంతులు ఒకే మాటను వంతులవారీగా అందుకుంటాయి. తన వంతు కానప్పుడు కూడా చెల్లో ప్రాణం పెట్టి వాయిస్తే, నిజంగా తన వంతు వచ్చినప్పుడు ఎవరూ తల తిప్పి చూడరు. మీరు చెప్పిన కుట్టుమిషన్ మోచేయి గురించి నాకు ఈ అనుమానమే ఉంది.

ఇది వేలెత్తి చూపడానికి రాయలేదు. 19 ఏళ్ళ వయసులో నేను రాఖ్మానినోవ్ సొనాటా, ఓపస్ 19 వాయించాను. ఆ పియానో పాత్ర చూస్తే ఏ కుర్రవాడికైనా పూనకం వస్తుంది. నాకూ వచ్చింది. కచేరీ అయ్యాక అందరూ నా చేయి పట్టుకుని అభినందిస్తుంటే, చెల్లో వాయించినవాడు దూరంగా నిలబడి కమాను తుడుచుకుంటున్నాడు. ఆ తరవాత నాతో మళ్ళీ వాయించలేదు. నా పేరు ఇక్కడ 'ఎడమచేయి' అని పెట్టుకోవడానికి కారణం అతనే.

నాలుగుతీగలు:

పియానో సంగతి ఎడమచేయి గారు చెప్పేశారు. నేను చెల్లో నేర్పుతాను, కాబట్టి ఇటు వైపు నుంచి ఒక ప్రశ్న అడుగుతాను. బ్రామ్స్ వాయిస్తున్నప్పుడు మీ అమ్మాయి చెల్లో అడుగున, నేలకు ఆనించే ఎండ్‌పిన్ అనే మొనకడ్డీ జారిందా? వేదిక నేల నున్నగా ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, బీథోవెన్ బాగుండి, విరామం తరవాత శబ్దం కుంచించుకుపోయిందన్నారు. పియానో అదే, అబ్బాయి అదే. ముందు వరుస నుంచి వెనక వరుసకు మారినందువల్ల కొంత తేడా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ విరామానికి ముందే వెనక ఉన్న పెద్దాయన 'అందడం లేదు' అన్నారు, మీరు బ్రామ్స్ దగ్గరికి వచ్చేసరికి చెమటలు పట్టాయన్నారు. నాకు అది క్రమంగా దిగజారినట్టు వినిపిస్తోంది. ఎండ్‌పిన్ ఒక్కసారి జారితే పిల్లలు చేసే పని ఒకటే. మోకాళ్ళతో చెల్లోను గట్టిగా పట్టేస్తారు. మోకాళ్ళు పక్కచెక్కలను నొక్కితే పెట్టె ఊపిరి ఆడదు. ఇంకా నష్టం ఏమిటంటే, కాళ్ళు బిగుసుకుంటే భుజం కూడా బిగుసుకుంటుంది, చేయి బరువు కమాను దాకా దిగదు. చేయి ఆడుతూనే ఉంటుంది, శబ్దం మాత్రం రాదు. మీరు చూసిన మోచేయి అదే అయి ఉండవచ్చు. బీథోవెన్ కాలంలో ఎండ్‌పిన్ లేకుండానే పిక్కల మధ్య పెట్టుకుని వాయించేవాళ్ళు, నిజమే. కానీ వాళ్ళు మొదటి నుంచీ అలాగే నేర్చుకున్నారు. నడికచేరీలో నేర్చుకునే విద్య కాదది.

దీనికి మందు చాలా చిన్నది. కుర్చీ ముందుకాలికి తగిలించి, రెండో కొసన ఎండ్‌పిన్ మొన దిగేలా గుంట ఉన్న పట్టీ ఒకటి దొరుకుతుంది. అది ఎప్పుడూ చెల్లో పెట్టెలోనే ఉండాలి. వీలైతే చిన్న చెక్క వేదిక వేయించండి. బోలుగా ఉన్న చెక్క మీద ఎండ్‌పిన్ ఆనితే అడుగు తీగలకు మంచి బలం వస్తుంది. కుర్చీని పియానో వంపులోంచి ఒక అడుగు ముందుకు జరపండి. మరీ ముందుకు జరిపితే ఆ అబ్బాయికి కమాను కనిపించదు. అతను ఊపిరి అందుకునేది ఆ కమాను చూసే.

కమాను గురించి ఒక్క ముక్క. ఎవరైనా 'వినిపించడం లేదు, ఇంకా నొక్కు' అంటే మీ అమ్మాయిని విననివ్వకండి. నొక్కితే తీగ గొంతు పిసికినట్టవుతుంది. కమానును బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కముక్కకు) ఇంకొంచెం దగ్గరగా తెచ్చి నిదానంగా లాగమనండి. దగ్గర నుంచి వింటే కాస్త గరుకుగా ఉంటుంది, అందుకే ఇంట్లో సాధన చేసేవాళ్ళు భయపడి దూరం జరుగుతారు. ఆ గరుకు నాలుగు వరుసలు దాటేసరికి కరిగిపోతుంది, మిగిలినదే మాటలా వినిపిస్తుంది.

అడుగు తీగ శ్రుతి గురించి అడిగారు. మీ చెవికి దండం. అది మీ అమ్మాయి నిర్లక్ష్యం కాదు, లెక్క. చెల్లో తీగలు పై నుంచి ఎ, డి, జి, సి. పక్కపక్క తీగల మధ్య ఉండేది షడ్జమ పంచమాల దూరం. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు. చెవికి నిర్మలంగా తోచే పంచమం 702 సెంట్లు. పియానోను పన్నెండు స్వరాలకూ సమానంగా పంచి శ్రుతి చేస్తారు కాబట్టి దాని పంచమం 700. మీ అమ్మాయి పియానో 'ఎ' తీసుకుని, అక్కడి నుంచి కిందికి మూడు పంచమాలు శుద్ధంగా కలుపుకుంటూ వెళ్ళింది. మెట్టుకు రెండు చొప్పున, 'సి' దగ్గరికి వచ్చేసరికి పియానో కంటే 6 సెంట్లు కిందికి దిగింది. ఎంత శ్రద్ధగా శ్రుతి చేస్తే అంత కచ్చితంగా తేడా వస్తుందన్నమాట. పియానోతో వాయించేటప్పుడు మేం పంచమాలను పిసరంత ఇరుకుగా పెట్టుకుంటాం. లేదా 'సి'ని కూడా పియానో దగ్గరే అడిగి తీసుకుంటాం. అడుగు తీగ మీద మొదలయ్యే బ్రామ్స్‌కు ముందు ఇది తప్పనిసరి. ఆ రెండు నిమిషాలకు శ్రోతలు ఏమీ అనుకోరు.

చెల్లో మార్చే ఆలోచన పక్కన పెట్టండి. 'హంస' చివరి వరుస దాకా వచ్చి కూర్చోగలిగిందంటే ఆ చెల్లోకు గొంతు ఉంది.

జారిందా లేదా అని అడిగేటప్పుడు కొంచెం మెత్తగా అడగండి. వేదిక మీద ఇలాంటిది జరిగితే పిల్లలు అదేదో తమ తప్పన్నట్టు దాచుకుంటారు. పేరుమోసిన చెల్లో కళాకారిణి జాక్లిన్ డు ప్రే 1961లో, 16 ఏళ్ళ వయసులో లండన్ విగ్‌మోర్ హాల్లో తొలి కచేరీ చేసినప్పుడు మొదట్లోనే తీగ సడలిపోయింది. ఆవిడ ఆపి, సరిచేసుకుని వచ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆపవచ్చు అన్న సంగతి పిల్లలకు ఎవరో ఒకరు ముందుగా చెప్పి ఉంచాలి. నేర్పేవాళ్ళం మేమే చాలాసార్లు మరిచిపోతాం.

మూడోవరుస:

పన్నెండు రోజుల తరవాత వస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి, చెప్పడానికి ఏదైనా పోగయ్యాక రాద్దామనుకున్నాను.

నాలుగుతీగలు గారూ, మీరు మంత్రం వేసినట్టు చెప్పారు. అదే రాత్రి అడిగాను. మీరన్నట్టు మెత్తగానే అడిగాను, నాకు అలవాటు లేని పని కాబట్టి మా అమ్మాయికి వెంటనే అనుమానం వచ్చింది. ముందు "లేదు" అంది. తరవాత "ఒక్కసారి" అంది. తరవాత ఏడ్చింది. షూమన్ రెండో ముక్కలో ఎండ్‌పిన్ ఒక జానెడు జారిందట. మూడు ముక్కలూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వాయించాలి కాబట్టి సర్దుకోవడానికి సందు దొరకలేదు. బ్రామ్స్ మూడు భాగాలూ మోకాళ్ళతో పట్టుకునే వాయించింది. భాగానికీ భాగానికీ మధ్య ఎందుకు సరిచేసుకోలేదే అంటే, "అందరూ చూస్తారు కదమ్మా" అంది. చూడ్డానికే కదా వచ్చారు అందామని నోటి దాకా వచ్చింది, మింగేశాను. 'హంస'కు ముందు లోపలికి వెళ్ళి వచ్చినప్పుడు నేల మీద ఒక పగులు చూసుకుని అందులో మొన దించిందట. నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్న హంస రహస్యంలో సగం ఆ పగులే.

సగమే. మిగతా సగం ఎడమచేయి గారిది.

మీ జవాబు ఆ అబ్బాయికి నేను చూపించలేదు, మా అమ్మాయి చూపించింది. నా మొహమాటం వాళ్ళ మధ్య లేదని నాకు అప్పుడే తెలిసింది. అతను రెండుసార్లు చదివాడట. రాఖ్మానినోవ్ సంగతి వచ్చిన చోట నవ్వాడట. ఆదివారం సాధనకు నన్ను పిలిచి, గది అవతల తలుపు బయట కుర్చీ వేశారు. పెడల్ లేకుండా బ్రామ్స్ మూడో భాగం విన్నాను. ఎడమచేయి గారూ, ఎండిపోయినట్టు ఉంటుందన్నారు గానీ, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు అనడం ఇంకా సబబు. లెక్కపెట్టడం ఇష్టమైనదాన్ని కాబట్టి నాకు నచ్చింది. ఆ తరవాత ఎడమచేయీ చెల్లో మాత్రమే వాయించారు. అప్పుడు ఆ అబ్బాయి మధ్యలో ఆపి, "ఇక్కడ నీకు ఇంత అందమైన వరస ఉందా?" అని అడిగాడు. రెండేళ్ళ నుంచి కలిసి వాయిస్తున్నారు వీళ్ళిద్దరూ.

నాకు ఇంకో విషయం తట్టింది. మా అమ్మాయి తన వంతు కానప్పుడు కూడా గట్టిగానే వాయిస్తోంది, మీ అనుమానం నిజమే. ఎందుకంటే తనకు తను వినిపించడం లేదు కాబట్టి. అతను ఎడమచేయి తేలిక చేయగానే, ఎవరూ చెప్పకుండానే తనూ తగ్గింది. ఎవరు ఎవరిని ముంచుతున్నారో ఆ గదిలో నాకు లెక్క తేలలేదు.

కుర్చీ పట్టీ వచ్చింది. 'సి' కూడా పియానోనే అడుగుతోంది. మొదటిసారి అలా కలుపుకున్నప్పుడు "ఇది తప్పుగా ఉంది" అని మొహం చిట్లించింది. రెండు రోజుల్లో అలవాటైంది. చెల్లో మార్చడం లేదు, నా ఖాతా మీకు రుణపడి ఉంది.

ఒక కొత్త గొడవ మాత్రం మిగిలింది. బీథోవెన్ సొనాటా రెండో భాగంలో, ఆ పరుగు నడకలో, పియానో పాట మొదట్లోనే ఒకే స్వరాన్ని రెండుసార్లు రాసి గీతతో కలిపారట. కలిపినప్పుడు మళ్ళీ మోగించకూడదు కదా అని మా అమ్మాయి. కానీ వాటి మీద 4, 3 అని రెండు వేళ్ళ అంకెలు వేసి ఉన్నాయి, మోగించకపోతే వేలు మార్చమని ఎందుకు రాస్తాడు అని ఆ అబ్బాయి. అదే పాట వెంటనే చెల్లోకు కూడా వస్తుంది కాబట్టి ఎవరి పద్ధతి వాళ్ళదంటే కుదరదట. నిన్నటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కచేరీకి ఇంకా నాలుగు వారాల రెండు రోజులుంది. ఎవరిది సరి?

ఎడమచేయి:

ఈ గొడవ వాళ్ళకంటే చాలా పాతదండీ. పెద్ద పెద్ద వాళ్ళే ఇటు కొందరు, అటు కొందరు. బీథోవెన్ దగ్గర చదువుకున్న చెర్నీ మాత్రం ఈ చోటు గురించి రాసిపెట్టాడు. నాలుగో వేలితో మొదటి స్వరాన్ని బాగా నిలిపి, మూడో వేలితో రెండోదాన్ని వినిపించేలా, కానీ తేలికగా, పొట్టిగా మళ్ళీ తాకాలన్నాడు. కాబట్టి నా ఓటు అబ్బాయికి.

అయితే అతను గెలిచానని గట్టిగా తాకితే చెర్నీ చెప్పింది పోతుంది. చెల్లో మీద దాన్ని ఎలా పలికించాలో మీ అమ్మాయే కనిపెట్టాలి, కమాను ఆపకుండా చిన్న ఒత్తు ఇస్తే సరిపోవచ్చు. నాలుగుతీగలు గారు సరిచూస్తే మేలు. ముందు చెల్లోతో ఆ ఒత్తు దొరికాక, పియానో దాన్ని అనుకరించాలి. ఆ వరసలో సాధన చేయమనండి.

నాలుగుతీగలు:

ఒత్తు సరిపోతుంది. కమాను దిశ మార్చవద్దు, చూపుడువేలితో ఒక్క చిటికెడు. ముందు ఎ తీగ మీద ఉత్తినే పదిసార్లు చేసి, తరవాత పాటలో పెట్టుకోమనండి. కుర్చీ పట్టీ కట్టుకున్నాకే.

మూడోవరుస:

ఇద్దరికీ చదివి వినిపించాను. ప్రస్తుతం పక్కగదిలో ఒకే స్వరం, రెండేసి సార్లు, పదకొండోసారి నడుస్తోంది.